సూదిపోటు మానుటకు ఓర్పే మందు

మొటిమల గుంటలు పూడ్చుటకు సన్నని సూదులతో ముఖచర్మమును గ్రుచ్చు చికిత్స నేడు ప్రచారములో నున్నది. దీనిని మైక్రోనీడ్లింగ్ అందురు. సూది పోవు లోతు సాధారణముగా అర మిల్లీమీటరు మొదలు రెండున్నర మిల్లీమీటర్లు. ఆ చిన్న గాయములు మానునప్పుడు చర్మము కొల్లాజెన్ అను క్రొత్త పీచును కూర్చుకొనును. కాబట్టి మేలు చేయునది గాయము కాదు, గాయము మానుటయే.

రెండు మూడు దినములు ఎఱ్ఱదన ముండుట సహజము. కాని హద్దు మీరి గ్రుచ్చినను, వెంటనే ఎండ తగిలినను మన చామనచాయ చర్మమున నల్లమచ్చ లేర్పడవచ్చును. నారాయణరావుపేట వంటి చోట పొలమునకో, బస్సునకో ఎండలో పోక తప్పదు గదా! అట్టివారికి గొడుగు, తలపై కొంగు, చర్మము మానిన పిమ్మట 30కి తగ్గని ఎస్.పి.ఎఫ్. గల సన్‌స్క్రీన్ రక్షణ.

చల్లని నీటితో మెల్లగా కడిగి, వాసనలేని వాజలిన్ పలుచగా పూసిన చాలును. పొక్కులు గిల్లరాదు, నిమ్మరసము రుద్దరాదు. మందులదుకాణమున అడిగి తెచ్చుకొను స్టెరాయిడ్ లేపనము తొలుత తెల్లబఱచినట్లు తోచినను, క్రమముగా చర్మమును పలుచబఱచును. 2018లో భారత ప్రభుత్వము అట్టి లేపనములు పెక్కింటిని వైద్యుని చీటీపైననే అమ్మవలసిన మందులలో చేర్చెను.

చీము, జ్వరము, పెరుగుచున్న నొప్పి కనబడినచో ఆలస్యము చేయక సిద్దిపేట ప్రభుత్వాసుపత్రికి పోవలెను. పైచర్మము మారుటకు సుమారు నాలుగు వారములు, మచ్చ మాయుటకు నెలలు పట్టును. ఆ గడువును తగ్గింపజూచిన తొందరయే తఱచు రెండవ గాయ మగుచున్నది.