ఊరి చరిత్ర ఎవరి నోట వినాలి?

స్థానిక చరిత్ర అనగానే మనకు శాసనాలు, ఆలయాలు, జమీందారుల వంశవృక్షాలు గుర్తుకొస్తాయి. ఇవేవీ లేనిచోట చరిత్రే లేదనుకోవటం మనకు అలవాటు. విజయవాడ బెంజ్ సర్కిల్ అటువంటి చోటు. మద్రాసు - కలకత్తా రహదారీ, బందరు రోడ్డూ కలుసుకునే ఈ కూడలిలో కోట లేదు, శాసనం లేదు. ఉన్నదల్లా ఒక పేరు. ఒకప్పటి బెంజ్ లారీల వ్యాపారం నుంచి ఆ పేరు వచ్చిందని ఊళ్ళో పెద్దవాళ్ళు చెబుతారు. ఈ మాటను పుక్కిటి పురాణమని కొట్టిపారెయ్యనక్కర్లేదు, వేదవాక్కని నమ్మనూ అక్కర్లేదు. టాటా కంపెనీ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుంది. పదిహేనేళ్ళపాటు, అంటే 1969 దాకా, టాటా లారీలు బెంజ్ పేరుతో తిరిగాయి. పేరు పుట్టటానికి వీలున్న కాలం దీనివల్ల కొంత తెలుస్తుంది. ఇక అడగవలసింది ఆనాడు ఆ లారీ తోలినవాణ్ణి, దానికి బాడీ కట్టిన వడ్రంగిని: “ఈ పేరు మీరు మొదట ఎప్పుడు విన్నారు? అంతకుముందు ఈ చోటును ఏమనేవాళ్ళు?” నోటిమాటా, కాగితమూ ఒకదాన్నొకటి సరిచూసుకోవటమంటే ఇదే.

ఊరివాళ్ళను అడిగి ఊరి చరిత్ర రాయటం మనకు కొత్త కాదు. కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి మొదలైనవారు పంతొమ్మిదో శతాబ్దం తొలి రెండు దశాబ్దాలలో సేకరించిన, సేకరింపజేసిన కైఫీయతులు అటువంటివే. మెకంజీ 1821లో మరణించాడు. తరువాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్ళు రాయించాడు. ఆ సంపద లేకపోతే ఎన్నో గ్రామాల గతం మనకు దక్కేది కాదు. అయితే ఆ కైఫీయతులకు ఆధారమేమిటి? ప్రధానంగా కరణాల దగ్గరున్న దండకవిలెలు, వారు చెప్పిన మాటలు. అంచేత వాటిలో ఊరి పొలిమేరలు, ఇనాములు, గుళ్ళు, ఏలినవారి వరస వివరంగా ఉన్నాయి. ఆ పొలాన్ని దున్నిన పాలేరు ఏం తిన్నాడో, ఎవరికి బాకీపడ్డాడో వెతికినా దొరకటం కష్టం. అడిగింది కరణాన్ని గనుక కరణం చూసిన ఊరే రికార్డయింది. ఎవరిని అడుగుతామన్నదాన్ని బట్టే ఎటువంటి చరిత్ర వస్తుందన్నది నిర్ణయమవుతుంది.

బెంజ్ సర్కిల్‌కే మళ్ళీ వద్దాం. గోరా, సరస్వతీ గోరా 1940లో ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో ఇక్కడికి, పటమటకు వచ్చింది. గోరా తన జీవితాన్ని తానే రాసుకున్నారు. 1972 జై ఆంధ్ర ఉద్యమ నాయకుడు కాకాని వెంకటరత్నానికి ఈ కూడలిలో విగ్రహం పెట్టారు. మంచిదే. కాని పక్కనే ఉన్న ఆటోనగర్‌లో రేకు వంచిన పనివాడికి, లారీ కింద నిద్రపోయిన క్లీనరుకు, వాళ్ళకు అన్నం వండిపెట్టిన మనిషికి పుస్తకమూ లేదు, విగ్రహమూ లేదు. 2020లో కూడలి మీద ఫ్లైఓవరు తెరిచారు. దాని కింద బతికిన జీవితాలు ఆ మనుషుల జ్ఞాపకాల్లోనే ఉన్నాయి. వాళ్ళు పోతే అవీ పోతాయి.

ఈ లోపం పాలకవర్గాల చరిత్రకే పరిమితమనుకుంటే పొరపాటు. ప్రగతిశీల ఉద్యమం రాసుకున్న చరిత్రలోనూ ఇది ఉంది. తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటం గురించి నాయకులు ఎంతో రాశారు. అందులో పాల్గొన్న స్త్రీల మాటను స్త్రీశక్తి సంఘటన సేకరించి ‘మనకు తెలియని మన చరిత్ర’గా 1986లో ప్రచురించేదాకా ఆ పోరాటపు సగం ముఖం మనకు కనపడలేదు. అందులో త్యాగాలతోపాటు నిష్ఠూరాలూ ఉన్నాయి. పోరాటం ఆగాక తిరిగి వంటింటికి పొమ్మన్నారన్న బాధ ఉంది. పామర్రులో పుట్టి, ప్రజానాట్యమండలిలో పాడిన కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ 2012లో గాని వెలువడలేదు. అప్పటికి ఆమెకు తొంభై దాటాయి. ఇటువంటి మాటలు ఉద్యమానికి చేటు తెస్తాయని భయపడేవారు ప్రజలను నమ్మనివారే.

ఇక రచయితలు ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసిన విషయం ఒకటుంది. మనకు భాష వచ్చు. అదే ప్రమాదం. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసుకురమ్మని మా బడి పిల్లలకు చెప్పాను. ఒక అమ్మాయి “మా నాయనమ్మ కటిక దారిద్ర్యం అనుభవించినది” అని రాసుకొచ్చింది. ఆమె అన్న మాటేమిటని గుచ్చి అడిగితే, “గంజి పిల్లలకు పోసి, నేను కుండ కడిగిన నీళ్ళు తాగేదాన్ని” అన్నదని చెప్పింది. మొదటి వాక్యం ఎవరి గురించైనా రాయొచ్చు. రెండోది ఒక మనిషి సాక్ష్యం. దిద్దింది ఆ పిల్ల కాదు, మేం నేర్పిన చదువు. నాజర్ జీవితాన్ని అంగడాల వెంకటరమణమూర్తి గ్రంథస్థం చేసినప్పుడు దానికి ‘పింజారి’ అని పేరుండటం గమనార్హం. బిరుదులు ఎన్నో ఉండగా, ఆ కళాకారుడు ఏ కులవృత్తి నుంచి వచ్చాడో చెప్పే మాటే అట్ట మీద నిలిచింది.

జ్ఞాపకం తప్పుతుంది గదా అని కొందరి ఆక్షేపణ. తప్పుతుంది. శ్రమజీవులు సంవత్సరాలు చెప్పరు. “ఉప్పెనకు ముందు”, “బ్యారేజి కట్టేటప్పుడు” అంటారు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది, ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది గనుక కాలం లెక్కకట్టుకోవచ్చు. అసలు తప్పే కొన్నిసార్లు సత్యం చెబుతుంది. ఇటలీలో టెర్ని అనే పారిశ్రామిక పట్టణంలో లుయిజి ట్రస్టుల్లి అనే ఉక్కు కార్మికుణ్ణి 1949లో నాటో వ్యతిరేక ప్రదర్శనలో పోలీసులు చంపారు. చాలామంది కార్మికులు మాత్రం 1953లో ఉద్యోగాల తొలగింపు మీద జరిగిన పోరాటంలో చనిపోయాడని చెప్పారు. అలెస్సాండ్రో పోర్టెల్లి అనే పరిశోధకుడు ఈ పొరపాటును కొట్టెయ్యలేదు. తమ జీవితాలను తలకిందులు చేసిన ఘట్టంలోకి వాళ్ళు ఆ మరణాన్ని జరుపుకున్నారని గ్రహించాడు. తేదీకి రికార్డు చూడాలి. ఆ తేదీ మనిషికి ఏమైందో తెలియాలంటే మనిషినే వినాలి.

కాబట్టి చెయ్యవలసిన పని స్పష్టం. చెప్పినవారి వయసు, వృత్తి, చెప్పిన రోజు, చోటు రాసుకోవాలి. మనం అడిగిన ప్రశ్న కూడా రాయాలి. మాండలికాన్ని దిద్దకూడదు. రాసింది వారికి చదివి వినిపించి, అచ్చువెయ్యటానికి ఒప్పుకున్నారో లేదో తెలుసుకోవాలి. కథ రాసుకోదలిస్తే వేరే కాగితం మీద రాసుకోవాలి; మూలాన్ని ముట్టుకోకూడదు. ప్రతి శాఖా ఏడాదికి పదిమంది జీవితాలు ఇలా రాసిపెట్టి గ్రంథాలయంలో ఉంచినా చాలు. ప్రజలే చరిత్ర నిర్మాతలని సభల్లో చెబుతూ వస్తున్నాం. వాళ్ళను అడగకుండా ఆ మాట ఎన్నాళ్ళు చెబుతాం?