ఇన్ఫినిట్ అంటే ‘చాలా పెద్దది’ అనేనా?

‘ఇన్ఫినిట్ లవ్’ అని స్టేటస్ పెడతాం. లెక్కల క్లాసులో ‘ఇన్ఫినిట్ సెట్’ గురించి చదువుతాం. కొలతకు అందనిదాన్ని చెప్పే ఈ ఇంగ్లిష్ విశేషణం మీద ఉన్న అపోహలు చాలావరకు ఒక్కచోటే పుడుతున్నాయి: అంతు లేకపోవడమూ పెద్దగా ఉండటమూ ఒకటే అనుకోవడం దగ్గర.

అపోహ: లెక్కపెట్టలేనన్ని ఉంటే ఇన్ఫినిట్ అన్నట్టే.
వాస్తవం: తీరంలోని ఇసుక రేణువుల్ని మనం ఎంచలేం. అయినా అవి ఇన్ని అనే సంఖ్య ఒకటి ఉంటుంది. తనకు తెలిసిన విశ్వమంతా ఇసుకతో నింపినా రేణువుల లెక్క, 1 పక్కన 63 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యను దాటదని క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే ఆర్కిమెడిస్ తేల్చాడు. ఇలాంటివాటికి ‘కౌంట్‌లెస్’, ‘ఇన్యూమరబుల్’ సరిపోతాయి.

అపోహ: ఇన్ఫినిట్ అయినదాంట్లో అన్నీ ఉండి తీరాలి.
వాస్తవం: 2, 4, 6, 8... ఈ వరుసకు అంతు లేదు. కానీ ఎంత వెతికినా ఒక్క బేసి సంఖ్య దొరకదు. 1ని 3తో భాగిస్తే బిందువు తర్వాత 3లు వస్తూనే ఉంటాయి, 4 ఎన్నటికీ రాదు. అందుకే ‘విశ్వం అనంతమైతే ఎక్కడో ఒకచోట ఏదైనా జరగాల్సిందే’ అనే వాదన, ఆ ఒక్క ఆధారంతో నిలబడదు.

అపోహ: అంతులేనన్ని భాగాలు కలిపితే మొత్తం కూడా అంతులేనిదే.
వాస్తవం: బొబ్బట్టులో సగం తిని, మిగిలినదాంట్లో సగం, మళ్లీ అందులో సగం... ఇలా తింటూ పోయినా కడుపులోకి వెళ్లేది ఒక్క బొబ్బట్టే. 1/2 + 1/4 + 1/8... అనే అనంత శ్రేణి మొత్తం సరిగ్గా 1.

అపోహ: అనంతాలన్నీ సమానం.
వాస్తవం: 1కి 2, 2కి 4, 3కి 6 అని జత కలుపుతూ పోతే సహజ సంఖ్యలూ సరి సంఖ్యలూ సమానమే. వాస్తవ సంఖ్యలతో ఈ జత కుదరదు. ఎలా కలిపినా కొన్ని మిగిలిపోతాయి. అంటే ఆ అనంతం ఇంకా పెద్దది. జర్మన్ గణితవేత్త గియోర్గ్ కాంటర్ 1874లో దీన్ని నిరూపించాడు.

అపోహ: అయితే ప్రేమకూ ఓపికకూ ఈ మాట వాడటం తప్పే.
వాస్తవం: తప్పేమీ లేదు. ‘అత్యధికమైన’ అనే అర్థమూ ఇంగ్లిష్ నిఘంటువుల్లో ఉంది. అమ్మ ఓపికను ఇన్ఫినిట్ అనొచ్చు. పరీక్షలో ‘ఇసుక రేణువుల సమితి ఇన్ఫినిట్’ అని రాస్తే మాత్రం మార్కు పోతుంది.