చెప్పుకోవలసిన బాధ

అరవై యేండ్లు దాటిన పురుషుడు మోకాళ్ళ నొప్పిని గురించి అరుగు మీద కూర్చుండి నలుగురితో చెప్పుకొంటాడు. చూపు మందగించినదని కొడుకుతో అంటాడు. మూత్రానికి సంబంధించిన బాధను మాత్రం భార్యతోనైనా చెప్పడు. ప్రోస్టేటు గ్రంథికి బయాప్సీ చేయించుకొని ఇల్లు చేరినవాని విషయంలో ఈ మౌనం ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది.

ప్రోస్టేటు అనేది మూత్రాశయానికి దిగువను, మూత్రనాళాన్ని చుట్టుకొని ఉండే గ్రంథి. యౌవనంలో పెద్ద ఉసిరికాయంత ఉండి, వయస్సుతోపాటు పెరుగుతుంది. రక్తపరీక్షలో పి.ఎస్.ఎ. అనే పదార్థం హెచ్చుగా కనిపించినా, వ్రేలితో పరీక్షించినప్పుడు గ్రంథి గట్టిగా తోచినా, కాన్సరు ఉన్నదో లేదో తేల్చడానికి సూదితో సన్నని ముక్కలు తీస్తారు. సాధారణంగా ఇవి 10 నుండి 12 వరకు ఉంటాయి. సూదిని పురీషనాళం గుండా గాని, వృషణాలకూ గుదానికీ నడుమనున్న చర్మం గుండా గాని పంపుతారు. 1989లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ వైద్యులు, అల్ట్రాసౌండు చిత్రాన్ని చూస్తూ ఆరు స్థానాలనుండి ముక్కలు తీసే క్రమపద్ధతిని ప్రకటించినారు. నేటి పద్ధతులకు అదే పునాది.

గ్రంథి నడుమనుండి మూత్రనాళం పోతున్నందున, సూదిగాయాల నెత్తురు మూత్రంలో కలియడం సహజం. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన ఒక పరిశీలనలో, పురీషనాళం గుండా బయాప్సీ చేయించుకొన్న 1,147 మంది పాల్గొన్నారు. 35 రోజులలో మూత్రంలో నెత్తురు చూచినామని, సమాధానమిచ్చినవారిలో నూటికి 66 మంది చెప్పినారు. అది తమకు చెప్పుకోదగిన ఇబ్బంది అయినదన్నవారు నూటికి ఆరుగురే. చిటికెడు కుంకుమ చెంబెడు నీటిని ఎర్రబరచినట్లు, కొద్దిపాటి నెత్తురే మూత్రమంతటికీ రంగు తెస్తుంది. కొన్ని రోజులలో అది తేటపడుతుంది. ఒకటి రెండు రోజులు మంట, మాటిమాటికి వెళ్ళవలసి రావడం కూడ ఉండవచ్చును. వీర్యంలో ఎరుపు మాత్రం కొన్ని వారాలు కనిపించవచ్చును. గుండె, మూత్రపిండాల జబ్బుచేత నీటికి కట్టడి లేనివారు నీరు ధారాళంగా త్రాగడం మేలు.

భయపడవలసినవి వేరే ఉన్నవి. మొదటిది మూత్రం బిగియడం. సూదిపోట్లకు గ్రంథి వాచి నాళాన్ని నొక్కుతుంది. అంతకుముందే గ్రంథి పెరిగి, ధార సన్నగిల్లినవారికి ఈ ముప్పు ఎక్కువ. పొత్తికడుపు ఉబ్బి, ఎంత ప్రయత్నించినా చుక్క రాదు. ఇది కొత్తగా పుట్టిన బాధ కాదు. సుశ్రుత సంహిత ఉత్తర తంత్రంలో మూత్రాఘాతాలకు ఒక అధ్యాయమే కలదు. వైద్యుడు సన్నని గొట్టం వేయగానే ఉపశమనం కలుగుతుంది. చాలమందికి కొన్ని రోజులలో ఆ గొట్టం తీసివేయవచ్చును. నెత్తురు గడ్డలుగా పడి దారి మూసుకొనడమూ ఇటువంటిదే.

రెండవది చలిజ్వరం. పురీషనాళంలోని సూక్ష్మజీవులు సూదితోపాటు లోపలికి పోయి రక్తంలో చేరవచ్చును. ముందుగా ఇచ్చిన మందులకు లొంగని క్రిములూ ఉన్నవి. అందుచేతనే పలువురు వైద్యులు నేడు చర్మం గుండా సూదిని పంపే పద్ధతికి మొగ్గుతున్నారు. బయాప్సీ తరువాత వణకుతో జ్వరం వచ్చినప్పుడు, ఇంట్లో ఉన్న జ్వరపు మాత్ర మింగి పడుకొనడం తగదు. ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలెను.

పరీక్షకు ముందు చెప్పవలసినవీ కొన్ని ఉన్నవి. నెత్తురును పలుచబరచే మందులు వాడుతున్నా, మధుమేహం ఉన్నా, ధార సన్నగా వస్తున్నా దాచరాదు. ఆ మందులను తనంత తాను మానరాదు. మానవలెనో వద్దో వైద్యుడే నిర్ణయిస్తాడు.

ఎర్రని మూత్రాన్ని చూచి బెదిరి, అర్ధరాత్రి ఇల్లంతా లేపిన పెద్దమనిషి తెల్లవారి నవ్వులపాలైనా నష్టం లేదు. మూత్రం బిగిసినప్పుడు గాని, చలిజ్వరం పుట్టినప్పుడు గాని, పిల్లలను లేపడమెందుకని దుప్పటి ముసుగు పెట్టినవానికే నష్టం. ఆ రాత్రి సిగ్గును పక్కనపెట్టి ఒక్కమాట పైకి చెప్పడమే సగం చికిత్స.