చెవిలో పురుగు దూరితే...

‘చెవిలో జోరీగ’ అని మాటవరసకు అంటూ ఉంటాం. అది ఉత్త మాటవరస కాదని నాకు గ్రామీణ శాఖలో పనిచేసేటప్పుడు, ఒక వానాకాలం రాత్రి తెలిసింది. ఆ రోజు క్యాష్ తేడా వచ్చి శాఖ మూసేసరికి ఎనిమిదిన్నర దాటింది. ట్యూబ్‌లైటు కింద నిలబడి షట్టరుకు తాళం వేయిస్తుంటే ఒక దీపం పురుగు సరాసరి నా కుడి చెవిలోకి దూరింది.

చూడడానికి చిన్న పురుగే. లోపల మాత్రం రేకుల కప్పు మీద గులకరాళ్లు పోసినట్టు ఒకటే మోత. తల విదిలించాను, గెంతాను. చివరికి ఇంటికెళ్లి ఇయర్ బడ్ పెట్టి తిప్పాను. చురుక్కుమంది, మోత ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. తెల్లారేసరికి దిండు మీద రక్తపు మరక, చెవి దిబ్బడ. ఈఎన్‌టీ డాక్టరు చూసి, “పురుగు మీకు పెద్దగా ఏమీ చేయలేదండీ. కర్ణభేరికి చిల్లు పెట్టింది మీ పుల్లే” అన్నారు. ఆ చిల్లు దానంతటదే పూడడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. అన్నాళ్లూ స్నానానికి ముందు వ్యాజిలీన్ రాసిన దూది పెట్టుకోవడం, కౌంటరు దగ్గర ప్రతి మాటా రెండోసారి అడగడం!

ఆ డాక్టరు ఓపిగ్గా చెప్పిన సంగతులు మన కుటుంబాలన్నిటికీ పనికొస్తాయని ఇది రాస్తున్నాను.

పెద్దవాళ్లలో చెవి గొట్టం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. కొంచెం వంకరగా ఉండి, చివర కర్ణభేరితో మూసుకుపోతుంది. అంటే అది దారి కాదు, అటు తలుపు లేని సందు. కాబట్టి పురుగు మెదడులోకి పోతుందన్న భయం అక్కర్లేదు. వెనక్కి తిరగడానికి చోటు చాలక అది అక్కడే కొట్టుకుంటుంది. సన్నటి శబ్దాన్ని కూడా పట్టుకునే పొర పక్కనే రెక్కలు ఆడుతుంటే మోత భరించలేనంతగా ఉంటుంది. బొద్దింకలాంటి వాటి ముళ్ల కాళ్లు లోపలి పలుచని చర్మాన్ని గీరితే నొప్పి, ఒక్కోసారి రక్తం వస్తాయి.

మరి ఏం చేయాలి? ముందు కూర్చోబెట్టి ధైర్యం చెప్పాలి. పురుగు ఉన్న చెవి పైకి వచ్చేలా తల వంచి, చెవి డొప్పను పెద్దవాళ్లకైతే పైకీ వెనక్కీ, పసిపిల్లలకైతే కిందికీ వెనక్కీ మెల్లగా లాగాలి. అప్పుడు గొట్టం నిటారుగా అవుతుంది. గోరువెచ్చని కొబ్బరినూనె కొద్దిగా పోయాలి. మణికట్టు మీద వేసి చూసుకుంటే వేడి తెలుస్తుంది. పురుగు ఒంటి పక్కల ఉండే శ్వాసరంధ్రాలు నూనెతో మూసుకుపోయి అది చస్తుంది. తర్వాత చెవిని కిందికి వంచితే నూనెతోపాటు బయటికి రావచ్చు. రాకపోతే డాక్టరే తీయాలి. మోత ఆగింది కదా అని ఊరుకోకూడదు. చచ్చిన పురుగు లోపల ఉండిపోతే చీము పట్టవచ్చు.

చెవికి ముందే చిల్లు ఉన్నా, చీమో రక్తమో కారుతున్నా, చెవికి ఆపరేషన్ జరిగి ఉన్నా నూనె పోయకూడదు. నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లలు చెవిలో ఏం పెట్టుకున్నారో తెలియనప్పుడు కూడా అంతే. గింజయితే నీళ్లకు ఉబ్బుతుంది. గడియారంలో వాడే గుండీ బ్యాటరీ అయితే తడికి లోపల కాలిపోతుంది, గంటలు కూడా ఆగకూడదు. ఇక పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్ బడ్ ఏ పరిస్థితిలోనూ వద్దు.

పోయినేడు మా అమ్మాయి అర్ధరాత్రి చెవి పట్టుకుని ఏడుస్తూ లేచింది. నా చెయ్యి అలవాటుగా బడ్స్ డబ్బా వైపే వెళ్లింది. మా ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపి, కొబ్బరినూనె సీసా అందించింది. అయిదు నిమిషాల్లో పాప ఏడుపు ఆపింది. పొద్దున్నే డాక్టరు చిన్న బొద్దింక పిల్లను పట్టకారుతో తీసి, కర్ణభేరి భేషుగ్గా ఉందన్నారు.

ఆ రోజే ఇంట్లో ఉన్న బడ్స్ డబ్బా చెత్తబుట్టలో వేశాను.