గుడారపు విడిది

అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డుననున్న ఏటికొప్పాక లక్కబొమ్మలకు ప్రసిద్ధి. ఆ యూరినుండి నర్సీపట్నము మీదుగా కొండదారి నెక్కినచో సుమారు 1,000 మీటర్ల యెత్తున లంబసింగి కలదు. శీతకాలమున అచ్చటి చలి కొన్ని రాత్రులు సున్న డిగ్రీలను సమీపించును. పెంపుడు కుక్కతో అచ్చట గుడారము వేయదలచు కుటుంబము కొన్ని సంగతులను ముందుగా యోచింపవలెను.

నలుగురున్న కుటుంబమునకు ఆరుగురు పండుకొనదగిన గుడారము మేలు. కుక్కకును, సామానులకును చోటు మిగులును. నిద్రించువారి యూపిరిలోని తేమ చల్లని గుడ్డను తాకి నీటిబొట్లగును. కావున రెండు పొరలును, గాలిరంధ్రములును గల గుడారమునే యెన్నుకొనవలెను. కుక్కగోళ్లకు చినుగని దళసరి అడుగుపట్ట యుండవలెను. వాగులోని యిసుకపై గుడారము వేయరాదు. ఎగువ వాన కురిసినచో అకస్మాత్తుగా వరద రావచ్చును. లోపల నిప్పులకుంపటి పెట్టరాదు. దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు వాసనలేని విషవాయువు. అది నిద్రలోనే ప్రాణము తీయును.

కుక్కకు రేబిస్ టీకా ముందే వేయింపవలెను. చిరుతలు తిరుగు అడవులలో కుక్క వానికి సులభమైన ఆహారము. రాత్రివేళ దానిని గుడారములోననే కట్టియుంచవలెను. మనుష్యునివలె కుక్క ఒడలెల్ల చెమర్చదు. వగర్చుటచేతనే ముఖ్యముగా తాపము తీర్చుకొనును. కావున ఎండలో మూసిన కారులో దానిని విడుచుట ప్రాణాంతకము.

నోరులేని జీవిని వెంటగొనిపోవువారు దాని ప్రాణమునకు పూచీ వహించినవారే.