కాలువల వెంట సైకిలు యాత్ర

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన వారికి కాలువ కొత్త కాదు, సైకిలూ కొత్త కాదు. కాలువగట్టు మీదుగా రోజూ మూడు మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ హైస్కూలుకు వెళ్ళిన బాల్యం మాది. ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని మన సంస్థలో చేరిన పిమ్మట కూడా, మోకాళ్ళు సహకరించినంత వరకు, క్వార్టర్సు నుండి కర్మాగారానికి సైకిలు మీదనే వెళ్ళేవారము. అందుచేత, నెదర్లాండ్స్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి 2025 ఏప్రిల్‌లో రమ్మని పిలిచినప్పుడు మా శ్రీమతి తులిప్ పూల తోటల గురించి విచారించగా, మేము అడిగిన మొదటి ప్రశ్న ‘అక్కడ సైకిలు అద్దెకు దొరుకుతుందా అమ్మా?’ అని.

‘అక్కడ దొరకనిది ఎండ ఒక్కటే నాన్నగారూ’ అని సమాధానం వచ్చింది.

ఆమె ఉండేది ఉట్రెక్ట్ నగరంలో. రోమనులు క్రీ.శ. 47 ప్రాంతంలో రైన్ నదీతీరాన నిర్మించిన కోట ఈ నగరానికి పునాది. 1122లో నగర హక్కులు లభించిన తరువాత చుట్టూ అగడ్త తవ్వుకున్నారు. ఊరి నడుమ సాగే పాత కాలువ నిర్మాణం చూడదగినది. వీధి మట్టానికి దిగువన, నీటిని ఆనుకుని రేవు ఉన్నది. ఆ రేవు నుండి వీధి కిందుగా ఎదుటి ఇళ్ళ వరకు నేలమాళిగలు కట్టారు. పడవలో వచ్చిన సరుకు వీధి ఎక్కనవసరం లేకుండానే వర్తకుని గిడ్డంగికి చేరేది. వందల ఏళ్ళ నాడే సరుకు రవాణాకు ఒక మట్టం, మనుషుల రాకపోకలకు మరొక మట్టం కేటాయించిన ఆ మేస్త్రీల ఆలోచనకు మనసులోనే నమస్కరించాము. నేడు ఆ మాళిగలలో ఫలహారశాలలు నడుస్తున్నాయి.

మరునాడు ఉదయం సైకిళ్ళు తీసుకున్నాము. హ్యాండిలుకు బ్రేకు కనిపించలేదు. పెడలు వెనక్కు తొక్కితేనే బ్రేకు పడుతుందట. మనకు పెడలును ఊరకే వెనక్కు తిప్పడం చిన్ననాటి అలవాటు కదా! మొదటి మలుపులోనే సైకిలు ఠక్కున ఆగిపోయింది. వెనుక, ముందు పెట్టెలో ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టుకుని వస్తున్న ఒక తల్లి గంట మ్రోగించి, చిరునవ్వుతో తప్పుకుని పోయింది. కళాశాల వదలిన తరువాత సైకిలు ముట్టని మా శ్రీమతి మాత్రం గంటలో కుదురుకుని, ‘మీరు వెనుక రండి, నేను ముందు వెళతాను’ అన్నారు.

సైకిళ్ళకు ఎర్రని తారుతో ప్రత్యేక మార్గాలు ఉన్నాయి. ప్రధాన వీధులలో వాటికీ కార్లకూ మధ్య గట్టు ఉంటుంది. కొన్ని వీధులలో ‘కారు ఇక్కడ అతిథి’ అనే బోర్డు కనిపిస్తుంది. అక్కడ కారు సైకిలు వెనుక ఓపికగా నడవవలసిందే. రైల్వే స్టేషను కింద 2019లో పూర్తయిన మూడంతస్తుల సైకిలు స్టాండులో 12,500 సైకిళ్ళు పడతాయి. లోపలి వరకు తొక్కుకుంటూనే వెళ్ళవచ్చు. ఏ వరుసలో ఎన్ని ఖాళీలున్నవో పలకలు చూపుతాయి. మొదటి 24 గంటలు రుసుము లేదు. మరొక చోట, ఆమ్‌స్టర్‌డామ్-రైన్ కాలువను దాటించే సైకిలు వంతెన ఎత్తుకు చేరడానికి దారి చాలక, వాలుదారిని ఒక పాఠశాల పైకప్పు మీదుగా తిప్పి తెచ్చారు. 2017లో ప్రారంభమైన ఆ వంతెనను మేము అవసరం లేకున్నా మూడుసార్లు దాటాము.

ఈ దేశస్థులు పుట్టుకతోనే ఇంత వివేకులని అనుకోరాదు. యుద్ధానంతరం వారు కూడా కార్లకే దారులు పరచారు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాలలో సుమారు 3,300 మంది మరణించగా, వారిలో నాలుగు వందలకు పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధులలోకి వచ్చి ఉద్యమించారు. 1973 నాటి చమురు సంక్షోభం కూడా కలిసి వచ్చి ప్రభుత్వ దృష్టి మారింది. ఉట్రెక్ట్‌లోనైతే పాత అగడ్తలో ఒక భాగాన్ని 1970వ దశకంలో ఎండగట్టి మోటారు దారి వేశారు. 2002లో పౌరుల అభిప్రాయ సేకరణ జరిపి, ఆ దారిని తొలగించి, 2020 సెప్టెంబరు నాటికి మరల నీరు పారించారు. ఆ కాలువ గట్టున మా అమ్మాయి ఈ సంగతి చెబుతుండగా, మేము సైకిలు దిగి చాలసేపు నిలబడిపోయాము.

కారణం పాఠక మిత్రులకు మనవి చేయవలసి ఉన్నది. సుమారు పన్నెండేళ్ళ క్రితం మన టౌన్‌షిప్ నుండి మెయిన్ గేటుకు వెళ్ళే రోడ్డును వెడల్పు చేసే నక్షా తయారు చేసినది మేమే. ప్రక్కనున్న సైకిలు బాటను రోడ్డులో కలిపివేశాము. సైకిళ్ళు తగ్గిపోయాయని లెక్కలు చూపాము. ఆ లెక్కలు జనరల్ షిఫ్టు వేళలో మాత్రమే వేయించినవి. రాత్రి షిఫ్టుకు సైకిలు మీద వచ్చే కాంట్రాక్టు కార్మికులు మా పట్టికలో లేరు. మరుసటి ఏడు మాకు పరిచయస్థుడైన ఒక కాంటీను కార్మికుని ఆ రోడ్డు మీదనే రాత్రివేళ ఒక వాహనం ఢీకొన్నది. కాలు విరిగింది. ఆసుపత్రిలో చూడబోతే అతడు, ‘రోడ్డు బాగుంది సార్. పక్కన మాకు కాస్త జాగా ఉంటే ఇంకా బాగుండేది’ అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. అయినా అది మా మనసు నుండి తొలగిపోలేదు.

వేసిన రోడ్డు వేసినట్టే ఉండక తప్పదని ఇంతకాలం మాకు మేము సర్దిచెప్పుకున్నాము. ఒక నగరం మోటారు దారినే తవ్వి కాలువను తిరిగి తెచ్చుకున్నప్పుడు, మన రోడ్డు ప్రక్కన ఒకటిన్నర మీటరు బాట తిరిగి ఇవ్వడం అసాధ్యమా?

తిరిగి వచ్చిన పిమ్మట వారం రోజుల పాటు మూడు షిఫ్టుల వేళలలోనూ గేటు వద్ద స్వయంగా నిలబడి సైకిళ్ళు లెక్కించాము. కొత్త నక్షా గీసి, పాత నక్షాలోని లోపాన్ని మా సంతకంతోనే ఒప్పుకుంటూ సమర్పించాము. ప్రస్తుతం అది పరిశీలనలో ఉన్నది. పదవీ విరమణకు ఇంకా మూడేళ్ళ వ్యవధి ఉన్నది గనుక, అడుగుతూనే ఉంటాము.

ఇక మా శ్రీమతి సంగతి. ఊరు చేరిన నెలలోనే ఒక సైకిలు కొనుక్కున్నారు. ఆదివారం ఉదయం కూరగాయల బజారుకు ఆమె ముందు, మేము వెనుక. సైకిలు గంట వినబడితే మిత్రులు కాస్త దారి ఇవ్వగలరని ప్రార్థన.