ఉండనిస్తున్నాంగా!

అమ్మలూ, మన పల్లెల్లో టీ హోటళ్లలో ఒకప్పుడు రెండు రకాల గ్లాసులుండేవి. దళితుడు అడిగితే టీ పొయ్యం అనేవారు కాదు, పోసేవారు. టీ అదే, డబ్బులూ అవే. గ్లాసు మాత్రం వేరు, తాగాక తనే కడిగి పెట్టాలి. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది, 1955లో శిక్షలతో చట్టమూ వచ్చింది. అయినా ఆ గ్లాసులు చాలా ఊళ్లలో చాలాకాలం కదల్లేదు.

ఇప్పుడు గ్లాసు పోయి గది వచ్చింది. చింతపల్లి వైపు నుంచి లంబసింగి ఘాటు దిగి చదువుకోడానికి నర్సీపట్నం వచ్చిన గిరిజన పిల్లకి, "కొండోళ్లకి ఇవ్వం గానీ, నువ్వు బుద్ధిగా ఉన్నావని ఇస్తున్నాం" అంటారు. తిట్టలేదు, గెంటలేదు కదా, మరి ఆ పిల్ల ఎందుకలా చిక్కిపోతుందని నువ్వడిగావు. చాలా మంచి ప్రశ్న.

కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద దారి వెతికే పజిల్స్ ఇచ్చారు. ఎన్ని చేస్తే అన్ని డబ్బులు. కులం ఊసెత్తని చోట దళిత పిల్లలు పైకులాల పిల్లలకు ఏమాత్రం తీసిపోలేదు. ఇంకొన్ని జట్లలో మొదలుపెట్టేముందు పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, వాటితోపాటు కులమూ అందరి ముందూ చదివారు. అంతే, దళిత పిల్లలు చేసినవి బాగా తగ్గిపోయాయి. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు సుమా! ఈ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి.

పాము కనబడి మాయమైన ఇంట్లో ఎవరికైనా నిద్ర పడుతుందా? అది కాటెయ్యకపోయినా ఒళ్లు మేలుకునే ఉంటుంది. "నేనేం చేస్తే వీళ్ల మనసు మారుతుందో" అని కనిపెట్టుకుని ఉండే మనిషికీ అంతే. అలాంటప్పుడు ఒంట్లో కార్టిసోల్ అనే హార్మోన్ పెరుగుతుంది. కాసేపైతే అది మేలే చేస్తుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంటే నిద్ర, రక్తపోటు, రోగనిరోధక శక్తి అన్నీ దెబ్బతింటాయి.

నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలా దయతలిచి ఉండనివ్వడం మనసుకి ఏం చేస్తుందో అక్కడి మైనారిటీల్లో పరిశీలించారు. "సరేలే, ఉండనీ" అనిపించుకోవడం వివక్షంత గాయం చెయ్యదు గానీ, మనసారా కలుపుకుంటే వచ్చే నిబ్బరాన్నీ ఇవ్వదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇంకోటుంది. తిట్టినవాణ్ణి నిలదీయొచ్చు. దయతలిచానన్నవాడికి మాత్రం రోజూ దండం పెట్టాలి, మనసు కష్టపడినా పైకి చెప్పుకోకూడదు.

అసలు దయ ఎక్కడుందిక్కడ? నెలనెలా అద్దె పుచ్చుకునే గది అది. కరెంటు బిల్లు ఎంతో, గేటు ఎన్నింటికి వేస్తారో చెబితే చాలు, "మీరేమిట్లు?" అని అడగక్కర్లేదు. మన వీధిలో ఏదైనా గది ఖాళీ అయితే చెప్పమ్మా, ఈసారి ఇంటివాళ్లతో మాట్లాడ్డానికి నేనూ వస్తాను.